గొట్టం మీద మంచు

కుట్టు మిషను పక్క నుంచి,
ఉదయం

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి నాకే మొహమాటంగా ఉంది. "మేము క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను." అంతే. ఆ ముక్క కోసం పోస్టుమాన్ మా మెట్లెక్కి ఆయాసపడాలా? నా చెవుల సంగతి నీకు తెలుసు. ఫోను ఆనించుకుంటే సీసాలో ఈగ తిరిగినట్టు ఉంటుంది తప్ప మాట ఒక్కటీ తెలియదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నీ మేనకోడలిది. మెసేజీ పెట్టమంటే నువ్వు అక్షరాలు నొక్కలేవు. కాబట్టి మనిద్దరికీ కాగితమే గతి. కాగితం మీద కూడా నోరు కట్టేసుకుంటే ఎలా? ఆ బైండింగు షాపులో పుస్తకాలు కుట్టీ కుట్టీ నువ్వు నోరు కూడా కుట్టేసుకున్నావని వదిన ఊరికే అనలేదు.

సరే, మంచి మాట ఒకటి చెప్తాను. అల్లుడికి పని దొరికింది. ఏసీలు బిగించి బాగుచేసే కంపెనీలో. అదీ ఎక్కడ? మీ ఊళ్ళోనే! కంపెనీ ఇచ్చిన గదిలో ఇంకా కొందరితో కలిసి ఉంటాడు, సెలవు రోజున ఇక్కడికి వస్తాడు. ఇప్పటిదాకా ఎక్కడా కాలు నిలవలేదు కదా. కొరియరు అన్నాడు, గోడౌను అన్నాడు, పెట్రోలు బంకు అన్నాడు. చెడ్డవాడు కాదు. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చేతులు వణికి చేసే పని పాడుచేసుకుంటాడు. అచ్చం నీ పోలికే అనుకో. ఈసారి నిలబడితే నీ మేనకోడలు కూడా అక్కడికే కాపురం మార్చేస్తుంది. దాని మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

ఇంతకీ వదిన గదిలో ఏసీ మెషిను కడిగించి ఎన్నాళ్ళయింది? వదిన మెట్ల మీద జారి పడ్డప్పుడు డాక్టరు ఏమన్నాడు? మెడ అలా దెబ్బతిన్నవాళ్ళకి చెమట పట్టదు, ఒళ్ళు తనంతట తాను చల్లబడదు, గదినే చల్లగా ఉంచాలి అన్నాడా లేదా? ఎండలు ముదిరాక ఆ మెషిను మొరాయిస్తే ఏం చేస్తావు, విసనకర్ర పట్టుకు కూర్చుంటావా? ఇప్పుడే కంపెనీకి ఫోన్ చెయ్యి. మా అల్లుడినే పంపమని అడుగు. బయటివాడు పైపైన తుడిచి పోతాడు. మనవాడైతే మనసు పెట్టి చేస్తాడు.

ఫోన్‌లో నీళ్ళు నమలకు. పేరు చెప్పి అడుగు.

వదినని అడిగానని చెప్పు. ఈసారి కనీసం ఒక పేజీ నిండాలి.

నీ చెల్లెలు



మేడ మీది వాటా,
మధ్యాహ్నం

చెల్లాయికి,

పేజీ నిండాలన్నావు. ప్రయత్నిస్తాను.

అల్లుడుగారు వచ్చారు. కంపెనీకి ఫోన్ ఆయమ్మ చేసింది. ఆయమ్మ అంటే పొద్దునా సాయంత్రం వచ్చి మీ వదినకి ఒళ్ళు తుడిచి, పక్కకి తిప్పి పడుకోబెట్టే మనిషి. ఆఫీసు వాళ్ళతో మాట్లాడటం నాకు చేతకాదు.

అల్లుడుగారు మెషిను మూత విప్పారు. లోపలి జల్లెళ్ళు కడిగితే బురద నీళ్ళు వచ్చాయి. తర్వాత గ్యాసు తక్కువగా ఉందన్నారు. వరండా పిట్టగోడ ఎక్కి, బయట గోడకి బిగించిన పెద్ద పెట్టె దగ్గరికి వంగి, రాగి గొట్టం బిగింపు విప్పారు. మళ్ళీ బిగించారు. గ్యాసు ఎక్కించారు. కింద వీధి కనపడుతోంది. ఎండ నెత్తి మీదే ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇంటి అల్లుడు గోడకి బల్లిలా అతుక్కుని మన కోసం చాకిరీ చేస్తుంటే నిలబడి చూడటం నాకు కష్టమైంది.

మీ వదిన మంచం మీద నుంచే అంది. "అల్లుడుగారూ, ఆ పెట్టెలో ఎక్కడన్నా మీ మావయ్యగారి మాటలు ఇరుక్కున్నాయేమో చూడండి. పెళ్ళయిన కాడి నుంచి వెతుకుతున్నాను." ఆయన నవ్వారు. చాలా మెల్లిగా నవ్వుతారు.

భోజనానికి పిలిచాను. మొహమాటపడ్డారు. తిన్నారు.

గది చల్లబడింది. మీ వదిన చెవుల మీద శాలువా కప్పమంది. మెడ కింద ఆమెకేమీ తెలియదు గదా. చలి ముక్కుకీ చెవులకీ తెలుస్తుంది.

పేజీ నిండలేదు. అక్షరాలు పెద్దవి చేశాను.

అన్నయ్య



కుట్టు మిషను పక్క నుంచి

అన్నయ్యా,

నీ ఉత్తరం నీ మేనకోడలు చదివి, మళ్ళీ చదివి, తలగడ కింద పెట్టుకుంది. మొగుడి గురించి ఒకళ్ళు ఇంత మంచిగా రాయడం దానికి ఇదే మొదలు. అల్లుడు సెలవుకి వచ్చి ఏమన్నాడో తెలుసా? "పెదమావయ్యగారు నన్ను అండీ అంటున్నారు, నాకు ఎటు చూడాలో తెలియలేదు" అన్నాడట. నాకు వినపడదు కాబట్టి అమ్మాయి పలక మీద రాసి చూపించింది. కడుపుబ్బ నవ్వాను.

ఇది సామాను కట్టడం మొదలుపెట్టేసింది. గిన్నెలన్నీ పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పెట్టింది. వంటకి గిన్నె కావాలంటే విప్పనివ్వదు. నిన్న కూర బాణలిలోనే కలుపుకు తిన్నాం. ఇంకా ఆర్నెల్లు పరీక్ష ఉందే తల్లీ అంటే వినదు.

ఆ పరీక్ష సంగతే నీకు చెప్పాలి. వాళ్ళ కంపెనీలో ఒక పద్ధతి ఉందట. బాగుచేసి వచ్చిన మెషిను నెల తిరక్కుండా మళ్ళీ పాడైందని ఫోన్ వస్తే, అది చేసినవాడి తప్పు కింద రాసేస్తారు. కొత్తవాళ్ళకి ఆ ఆర్నెల్లలో అలాంటివి రెండు పడితే ఇంటికే. మనవాడికి చేరిన కొత్తల్లోనే ఒకటి పడింది. ఏదో బట్టల కొట్లో ఎలుక తీగ కొరికితే ఆ కొట్టువాడు తీసుకొచ్చి వీడి నెత్తిన రుద్దాడు. వీడు నోరు తెరిచి కాదని చెప్పుకోలేదు. ఇంకొకటి పడకూడదు. మీ ఇంటి గురించి నాకు ఆ బెంగ లేదనుకో.

కంపెనీవాళ్ళు నీకు ఫోన్ చేసి పని ఎలా చేశాడని అడుగుతారు. అప్పుడు ఫోను ఆయమ్మ చేతికి ఇవ్వకు. నువ్వే మాట్లాడు. బాగా చేశాడని గట్టిగా చెప్పు. దగ్గి ఊరుకోకు.

వదిన నోటికి ఏం అడ్డొచ్చిందీ? మెడ విరిగినా నాలుక విరగలేదు. దేవుడు చల్లగా చూడాలి.

నీ చెల్లెలు



మేడ మీది వాటా, ముందు గది

చెల్లాయికి,

కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. నేనే మాట్లాడాను. బాగా చేశారు అన్నాను. ఎన్ని మార్కులు వేస్తారంటే ఎన్ని ఉంటే అన్నీ అన్నాను.

ఎండలు ముదిరాయి. తారు చెప్పులకి అంటుకుంటోంది.

మెషిను రాగి గొట్టం మీద మంచు పట్టింది. తెల్లగా, ముగ్గు పొడి చల్లినట్టు. ఇంతకుముందు ఎప్పుడూ లేదు. ఎంత బాగా చల్లబరిస్తే మంచు పడుతుంది అని సంబరపడ్డాను. మీ వదిన తల తిప్పి చూడలేదు కదా, చెంచాతో గీకి తెచ్చి చూపించాను. మంచు చూసింది. నా మొహం చూసింది. "దానికి మంచు పట్టింది సరే, గది ఎందుకండీ ఉడుకుతోంది?" అంది.

మంచం ముందు గదిలోకి మార్చాం, నేనూ ఆయమ్మా. ఇక్కడ కిటికీలు ఎక్కువ.

ఒక సంగతి. నెల అన్నావు చూడు. అది వచ్చి చేసిన రోజు నుంచి లెక్కా, కంపెనీవాళ్ళు ఫోన్ చేసి అడిగిన రోజు నుంచా? ఊరికే అడిగాను.

మీ వదిన బాగుంది.

అన్నయ్య



కుట్టు మిషను పక్క నుంచి

అన్నయ్యా,

ఊరికే అడిగావా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నువ్వు ఊరికే ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. చిన్నప్పుడు పలక పగలగొట్టుకొచ్చి, "నాన్న ఎప్పుడొస్తాడు?" అని అమ్మని ఊరికే అడిగేవాడివి. ఇదీ అలాగే ఉంది.

ముందు గదిలో కిటికీలు ఎక్కువట! ఈ ఎండల్లో కిటికీలోంచి వచ్చేది పొయ్యి సెగ కాదూ? నాకు చెవులు పోయాయి గానీ బుర్ర పోలేదు. మెషిను ఆగిపోయిందా? ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ ఉత్తరం అమ్మాయికి చూపించలేదు. అల్లుడు సెలవుకి వచ్చినప్పుడు పక్కకి పిలిచి, బల్ల మీద కాగితం పెట్టి అడిగాను. "పని బాగానే చేశాను అత్తయ్యా" అని రాశాడు. రాస్తుంటే చెయ్యి వణికింది. అదే చెయ్యి మీ గోడ మీద ఎలా పనిచేసిందో నేను అడగలేదు.

ఒక పని చెయ్యి. కంపెనీకి మాత్రం ఫోన్ చెయ్యకు. అల్లుడు డ్యూటీ దిగాక మీ ఇంటికి వస్తాడు. ఎవరికీ తెలియకుండా సరిచేసేస్తాడు. బయటి మెకానిక్ ఎవణ్ణీ ముట్టుకోనివ్వకు. గ్యారంటీలో ఉన్న మెషిను, ఎవరో విప్పితే కంపెనీవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుందట. ఇంట్లో ఇంట్లో సర్దుకునేదాన్ని వీధికెక్కించుకోవద్దు.

వదిన ఎలా ఉందో నిజం రాయి. మళ్ళీ "బాగుంది" అని రాశావో, ఊరుకోను.

నీ చెల్లెలు



ముందు గది

చెల్లాయికి,

నిజం రాయమన్నావు.

మంచు పట్టిందన్నాను కదా. మర్నాడు అది కరిగి గోడ వెంట నీళ్ళు కారాయి. ఆ తర్వాత గాలి తప్ప చల్లదనం లేదు. అలా మంచు పట్టడం గ్యాసు పోతోందనడానికి గుర్తట. అల్లుడుగారు చెప్పారు. నేను సంబరపడ్డాను.

ఆయన రెండుసార్లు వచ్చారు. పాపం పగలంతా పనిచేసి అలిసిపోయి వచ్చారు. కంపెనీలో గ్యాసు బండ తూకం వేసి ఇస్తారట, తేవడానికి వీల్లేదు. ఎవరో స్నేహితుడి దగ్గర కాస్త తెచ్చి ఎక్కించారు. ఒక పూట చల్లగా ఉంది. మళ్ళీ పోయింది. బిగింపు దగ్గర గొట్టం చీలిందట. కోసి మళ్ళీ చెయ్యాలంటే పగలు కావాలి, కంపెనీ సామాను కావాలి అన్నారు. వెళ్ళేటప్పుడు నా కాళ్ళు పట్టుకోబోయారు. నేను వెనక్కి జరిగాను. చూడటానికి బాగాలేదు.

మీ వదిన ఒళ్ళు కాలుతోంది. చెమట చుక్క లేదు. తడిగుడ్డలు కప్పుతున్నాం. అవి గబగబా ఆరిపోతున్నాయి. ఐసు తెచ్చి బేసిన్లలో పోసి ఫ్యాను ముందు పెడుతున్నాను. కాసేపు పనిచేస్తుంది. డాక్టరు వచ్చి చూశాడు. గది చల్లగా ఉంచమన్నానా లేదా అని కసురుకున్నాడు. మెషిను పోయిందన్నాను. బాగుచేయించండి అన్నాడు. చేయించాం అన్నాను.

మీ వదిన రోజూ అడుగుతోంది, కంపెనీకి ఫోన్ చేశారా అని. చేశాను, వస్తామన్నారు అంటున్నాను. చెయ్యలేదు. మెట్ల మీద చప్పుడైతే చాలు, వాళ్ళేనా అంటుంది. పై వాటా వాళ్ళ పిల్లలు అంటాను.

తెలిసిపోయినట్టుంది. నిన్న అంది. "మీ చెల్లెలి అల్లుడి ఉద్యోగం నా ఒంటి మీద నిలబెడుతున్నారా? నాకు మెడ కిందే తెలియదండీ. మెడ పైన అంతా తెలుస్తుంది."

నేను బేసిన్లో ఐసు మార్చాను.

ఫోన్ చెయ్యనా? నువ్వు చెయ్యమంటే చేస్తాను. వెంటనే రాయి.

అన్నయ్య



కుట్టు మిషను పక్క నుంచి

అన్నయ్యా,

వెంటనే రాయమన్నావు. రాయలేకపోయాను. కాగితం తీయడం, మడిచి పెట్టడం. ఇవాళ ఎలాగైనా పోస్టులో పడెయ్యాలని కూర్చున్నాను.

అల్లుడు అంతా రాసి చూపించాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గొట్టం బిగించాక దాని మీద సబ్బు నీళ్ళు పూసి, బుడగలు వస్తున్నాయేమో చూడాలట. అది చూడందే దిగకూడదట. వాళ్ళకి మొదటి రోజే నేర్పే పాఠం అది. వీడు సబ్బు నీళ్ళ డబ్బా చేతిలో పట్టుకునే ఉన్నాడు. నువ్వు కింద నుంచి, "చాలు బాబూ, దిగండి, అన్నం చల్లారిపోతోంది" అన్నావట. ఒక్క నిమిషం మావయ్యగారూ అన్నాడట. "మీరు దిగితే గానీ నేను కూర్చోను" అన్నావట. పెద్దవాడు ఎండలో నిలబడి పిలుస్తుంటే ఎలా కాదనను అత్తయ్యా అని రాశాడు. తిన్నాక మళ్ళీ ఎక్కుతానంటే, "గది చల్లగానే ఉంది కదండీ, ఇంకా ఎందుకు శ్రమ" అని చెయ్యి పట్టుకుని ఆపావట.

మరి ఆ సంగతి నాకు రాయలేదేం? భోజనానికి పిలిచాను, తిన్నారు అని రాశావు.

నిన్ను అనాలని కాదు. నువ్వు మర్యాద చేశావు. వాడు మర్యాదకి లొంగాడు. ఇద్దరికీ ఇద్దరే. కానీ కంపెనీ పుస్తకంలో ఈ మర్యాదలు రాయరు కదా. వాడి పేరు ఒక్కటే రాస్తారు.

అన్నయ్యా, ఇంకొక్క వారం పది రోజులు. నెల తిరిగిపోతే నువ్వు నిక్షేపంగా ఫోన్ చేసుకో, వాడి మీద పడదు. వదిన గట్టి మనిషి. అంత పెద్ద దెబ్బ తగిలినప్పుడే బతికి బట్టకట్టింది. తడిగుడ్డలు వెయ్యి, ఐసు ఇంకాస్త ఎక్కువ తెచ్చుకో, కిటికీలకి తడి దుప్పట్లు కట్టు. నా కూతురు గిన్నెలు కట్టుకుని కూర్చుంది. వాటిని విప్పవే అని ఏ నోటితో చెప్పను?

నీకు చెల్లెలు ముఖ్యమో ఏమిటో నేను అడగను.

ఈ ఉత్తరం వదినకి చదివి వినిపించకు.

నీ చెల్లెలు



ఆసుపత్రి వరండా

చెల్లాయికి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఐసుకి వెళ్ళాను. ఆయమ్మ తీసుకుంది. మీ వదిన చదవమంది. అంతా చదివించుకుంది, చివరి వాక్యంతో సహా.

నేను వచ్చేసరికి ఆయమ్మ ఫోను ఆమె చెవి దగ్గర పట్టుకుని ఉంది. మీ వదిన కంపెనీవాళ్ళతో మాట్లాడుతోంది. పెదవులు పగిలి ఉన్నాయి. మాట మాత్రం తేటగా ఉంది. "పేషెంటుని నేనే. మాట్లాడేదీ నేనే. ఇవాళే రావాలి" అంటోంది. అవతల ఏదో అడిగారు. "ఎవరు చేశారో మీ దగ్గర రాసే ఉంటుంది. నన్ను అడగకండి, నేను చెప్పను" అంది.

నేను గుమ్మంలో ఉన్నాను. భుజం మీద గోనె నుంచి నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసింది. "అక్కడే నిలబడితే ఎలాగండీ, అదంతా కరిగిపోతుంది" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఉత్తరం గురించి కూడా.

పొడుగాటి మనిషి ఒకాయన వచ్చారు. చూడగానే కనిపెట్టారు. గొట్టం కోసి కొత్త ముక్క అతికారు. సబ్బు నీళ్ళు పూసి చాలాసేపు చూశారు. నేను పిలవలేదు. మంచినీళ్ళు కూడా దిగాకే ఇచ్చాను. ఆయన ఏదో కాగితం మీద రాసుకున్నారు.

గది చల్లబడింది. మంచం మళ్ళీ లోపలికి మార్చాం.

ఆమె ఒళ్ళు మాత్రం చల్లబడలేదు. తెల్లారేసరికి మాట ముద్దగా వచ్చింది. నన్ను ఎవరో అనుకుని, "మా ఆయన వస్తారు, కూర్చోండి" అంది. ఇక్కడికి తెచ్చాం. వేడి లోపలికి ఎక్కిపోయింది, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి అంటున్నారు. ఇన్నాళ్ళు ఏం చేశారని అడిగింది ఇక్కడి డాక్టరమ్మ. ఆయమ్మ నా వైపు చూసింది.

అల్లుడుగారి సంగతి ఏమైందో నాకు తెలియదు.

అన్నయ్య



కుట్టు మిషను పక్క నుంచి

అన్నయ్యగారికి,

మా అల్లుడు బట్టల సంచీ భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. సెలవు రోజు కాదే, ఎందుకొచ్చావని కాగితం పెట్టాను. "తీసేశారు" అని రాశాడు. మీ ఇంటి నుంచి ఫోన్ వెళ్ళిందట. ఆడగొంతట.

వదినగారికి ఒక్క మాట చెప్పండి. గది చల్లబడింది కదా, ఇప్పుడు కడుపు కూడా చల్లబడే ఉంటుంది. ఒక్క వారం అడిగాను. ఇంకో ఆడదాని కాపురం నిలబడుతుందంటే ఒక్క వారం ఓర్చుకోలేకపోయింది. కన్నకూతురి మొగుడైతే చేసేదా ఆ ఫోను?

అమ్మాయి ఏడవలేదు. అదే నాకు భయంగా ఉంది. అట్టపెట్టె ముందేసుకుని గిన్నెలు ఒక్కొక్కటే విప్పుకుంది. చుట్టిన పేపర్లు మడతలు సరిచేసి మళ్ళీ దొంతర పెట్టింది. "దేనికే?" అంటే, "దేనికో ఒకదానికి" అని రాసింది.

నీ దగ్గర్నుంచి ఉత్తరం కూడా లేదు. రాయడానికి మొహం ఉండదులే. నిన్ను మాత్రం ఏమనను, నువ్వు ఎప్పుడు ఎవరికి అడ్డు చెప్పగలిగావు గనక? పెళ్ళాం ఫోన్ చేస్తుంటే పక్కన నిలబడి చూసి ఉంటావు.

ఇక మీ గడప తొక్కను. మీరూ రాయక్కర్లేదు.

ఇట్లు



మేడ మీది వాటా

చెల్లాయికి,

రాయొద్దన్నావు. ఇది మాత్రం రాయాలి.

మీ వదిన పోయింది. ఆసుపత్రిలోనే.

నేను అక్కడి నుంచి రాసిన ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటినట్టున్నాయి. నీది ఆమె పోయిన మర్నాడు చేరింది. కాబట్టి ఆమె అది వినలేదు.

పోయే ముందు కాసేపు తెలివిలోకి వచ్చింది. చల్లగా ఉందా అని అడిగాను. ఉంది అంది. ఆయమ్మ వచ్చిందా అని అడిగింది. వచ్చింది అన్నాను. ఆయమ్మ చెయ్యి పట్టుకోమంది, నా చెయ్యి కాదు. పట్టుకున్నా ఆమెకి తెలియదు, అయినా ఆయమ్మ పట్టుకుంది.

జరగాల్సినవి జరిగిపోయాయి. బైండింగు షాపు వాళ్ళు వచ్చి నడిపించారు. మీకు కబురు చెయ్యలేదు. మేనకోడలికి ఫోన్ చెయ్యాలనుకున్నాను. నంబరు నొక్కాను. అవతల "హలో" అంది. పెట్టేశాను.

నీ తప్పు లేదు. అల్లుడుగారిది అసలే లేదు.

అన్నయ్య



ఇంటి నుంచి

అన్నయ్యా,

చదివి ఎక్కడిదాన్నక్కడ కూర్చుండిపోయాను. ఆ రోజు ఫోన్ ఎత్తింది అమ్మాయే. ఎవరో మాట్లాడకుండా పెట్టేశారమ్మా అని రాస్తే, పనీ పాటా లేని వెధవలు అన్నాను.

నీ ఆసుపత్రి ఉత్తరం నా ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే వచ్చింది. విప్పలేదన్నయ్యా. పంతానికి విప్పకుండా మిషను సొరుగులో పడేశాను. ఇవాళ విప్పాను. వదిన ప్రాణం మీదికొచ్చిన కబురు సొరుగులో పెట్టుకుని నేను జాకెట్లకి కాజాలు కుట్టుకుంటున్నాను.

అల్లుడు అన్నం ముట్టడం లేదు. గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "నేనే చంపానా అత్తయ్యా?" అని ఉంది. కింద జవాబు రాయడానికి చోటు వదిలాడు. ఏం రాయను? కాదని రాస్తే, మరి ఎవరని అడుగుతాడు.

నువ్వు అడిగావు. ఫోన్ చెయ్యనా, నువ్వు చెయ్యమంటే చేస్తానని నోరు తెరిచి అడిగావు. జన్మకో మాట అడిగేవాడివి అడిగితే నేను వద్దన్నాను. వారం ఆగమన్నాను. నీ తప్పు లేదు అన్నావు. అది చదివితే ఇంకా గుచ్చుకుంటోంది. నాలుగు తిట్టినా బాగుండేది.

నేను రాసిన ఆ రెండూ, ఆగమన్నది, కడుపు చల్లబడిందా అన్నది, చింపి పొయ్యిలో పడెయ్యి. నీకు దణ్ణం పెడతాను. వాటిని ఎవరి కంటా పడనివ్వకు. నీ కంట కూడా.

రావాలని ఉంది. వదిన లేని ఆ ఇంట్లో నిలబడగలనో లేదో తెలియదు. నన్ను రమ్మంటావా, వద్దంటావా? నువ్వు ఏదంటే అదే. ఒక్క మాట రాయి చాలు. పేజీ నిండక్కర్లేదు.

నీ చెల్లెలు



మేడ మీది వాటా

చెల్లాయికి,

ఒక్క మాట చాలన్నావు. ఈసారి చాలదు.

కంపెనీకి వెళ్ళాను. దిగమన్నది నేను, ఆయన తప్పు లేదు అని చెప్పాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి విన్నారు. మళ్ళీ తీసుకోలేం అన్నారు. ఎవరో దిగమంటే దిగేవాడు ఈ పనికి పనికిరాడట. అల్లుడుగారికి ఈ రెండో మాట చెప్పకు. దిగమన్నది నేనని మాత్రం ఆ కాగితం మీద చోటు ఉందన్నావు కదా, అక్కడ రాయి.

నీ ఉత్తరాలు చింపను. దిగమన్నది నేనని కూడా వాటిలోనే ఉంది. అవి పోతే ఆగమన్నది నువ్వు అన్నదొక్కటే మిగులుతుంది. నేను రాసింది నీ దగ్గర ఉంది. తీసి చూడు. ఫోన్ చెయ్యనా అని అడిగాను. ఉత్తరం పోయి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలియదా? అది రాసేటప్పుడు ఫోను నా చొక్కా జేబులోనే ఉంది. నేను మాట్లాడలేకపోతే ఆయమ్మ ఉంది. నువ్వు వద్దంటావని నాకు తెలుసు. నీ కూతురి సంగతి తెలిసి ఇంకెలా అంటావు? తెలిసే అడిగాను. నువ్వు వద్దంటే అది నువ్వు అన్నట్టు. జవాబు వచ్చేదాకా నేనేమీ చెయ్యక్కర్లేనట్టు.

ఇంకొకటి ఎవరికీ తెలియదు. నేను ఐసు తెచ్చే కొట్టు, ఆ కంపెనీ ఆఫీసు, రెండూ ఒకే వరసలో పక్కపక్కన ఉన్నాయి. ఆఫీసుకి అద్దం తలుపు. ఎవరన్నా తలుపు తీస్తే లోపలి చల్లగాలి వచ్చి నా కాళ్ళకి తగిలేది. బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చునేది. రోజూ ఐసు గోనె భుజాన వేసుకుని ఆ తలుపు ముందు నుంచే వచ్చాను. కొన్నిసార్లు ఆగాను. ఆ అమ్మాయి తలెత్తి, "ఏం కావాలి తాతగారూ?" అన్నట్టు చూసేది. ఏమీ వద్దన్నట్టు తల ఊపి వచ్చేసేవాణ్ణి. ఇంటికొచ్చి మీ వదినకి, ఫోన్ చేశాను, వస్తామన్నారు అని చెప్పేవాణ్ణి.

మొన్న వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. "ఐసు తాతగారు కదూ" అంది.

ఇదంతా చదివాక రావాలో వద్దో నువ్వే ఆలోచించుకో అని రాయబోయాను. రాసి కొట్టేశాను.

రా.

అన్నయ్య